కుటుంబంతో మొదటి మధ్యధరా క్రూజు: టికెట్ కొనే ముందు రేవుల లెక్క ఎలా వేయాలి

సంక్రాంతి వెళ్ళిందంటే చాలు, బంధువుల నుంచి, పాత సహోద్యోగుల నుంచి ఒకటే ప్రశ్న: "అమ్మానాన్నలను, పిల్లలను తీసుకుని మధ్యధరా సముద్రంలో క్రూజుకు వెళ్దామనుకుంటున్నాం. ఏ ఓడ మంచిది?" ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పేదంతా ఈసారి ఒకచోట రాస్తున్నాను. ఓడ సంగతి తరువాత చూద్దాం. ముందు అది ఏ రేవుల్లో ఆగుతుంది, ఎన్ని గంటలు ఆగుతుంది, రేవు నుంచి ఊరు ఎంత దూరం అన్నది చూడండి. ఏ పెద్ద ఓడ ఎక్కినా తిండికి, ఈతకొలనుకు, పిల్లల ఆటలకు లోటుండదు. మీ యాత్ర ఎలా సాగుతుందన్నది ఒడ్డున గడిపే గంటల మీద ఆధారపడి ఉంటుంది.

ఇక్కడ రాసేది ఎక్కువగా పశ్చిమ మధ్యధరా గురించి: స్పెయిన్‌లోని బార్సిలోనా, పాల్మా, ఫ్రాన్స్‌లోని మార్సే, ఇటలీలోని జెనోవా, లివోర్నో, చివితావెక్కియా, నేపుల్స్, మాల్టాలోని వాలెట్టా వంటి రేవులను ఏడు రాత్రుల్లో చుట్టి వచ్చే ప్రయాణం. మొదటిసారి వెళ్ళే కుటుంబాలకు ఇదే అనువుగా ఉంటుంది.

ముందుగా దగ్గర పెట్టుకోవలసినవి

- ప్రయాణించే ప్రతి ఒక్కరి పాస్‌పోర్టు. పదేళ్ళలోపు జారీ అయినదై, యూరప్ నుంచి తిరిగి బయలుదేరే తేదీ తరువాత కనీసం మూడు నెలలు చెల్లుబాటులో ఉండాలి. రెండు పేజీలు ఖాళీగా ఉండాలి.
- పిల్లల జనన ధ్రువపత్రాలు. తల్లిదండ్రుల్లో ఒకరే వెళ్తుంటే రెండోవారి నోటరీ చేయించిన అంగీకార పత్రం.
- ఓడ ఏ రేవుకు ఎప్పుడు వస్తుంది, ఎప్పుడు కదులుతుంది అన్న పట్టిక.
- పెద్దవాళ్ళు ఆగకుండా ఎంతసేపు నడవగలరో నిజాయితీగా వేసుకున్న అంచనా. ఇది ఎవరూ రాసుకోరు. అన్నిటికంటే పనికొచ్చేది ఇదే.
- ఒక నోటు పుస్తకం. ఫోను సరిపోదా అంటే సరిపోదు. రేవులో ఛార్జింగ్ అయిపోతే ఓడ బయలుదేరే సమయం కూడా దానితోపాటే పోతుంది.

1. నెల ఎంచుకోండి

జులై, ఆగస్టు వద్దు. అవి యూరప్ పిల్లలకు సెలవులు. ఎండ రోమ్‌లోనూ నేపుల్స్‌లోనూ కొన్ని రోజులు 35 డిగ్రీలు దాటుతుంది, వరసలు కదలవు. మన తెలుగు రాష్ట్రాల బడులకు ఏప్రిల్ చివరి నుంచి జూన్ రెండో వారం దాకా సెలవులు కాబట్టి మే నెల చక్కగా కుదురుతుంది. పిల్లల బడి అడ్డం కాకపోతే సెప్టెంబరు చివరివారాలు ఇంకా బాగుంటాయి. సముద్రం వెచ్చగా ఉంటుంది, రద్దీ తగ్గుతుంది.

2. బ్రోచర్‌లో ఊరి పేరు కాదు, రేవు పేరు చదవండి

ఎక్కువమంది తప్పటడుగు వేసేది ఇక్కడే. బ్రోచర్‌లో "రోమ్" అని ఉంటుంది. ఓడ ఆగేది చివితావెక్కియాలో. అక్కడి నుంచి రోమ్ 70 కిలోమీటర్ల పైమాటే. విజయవాడ చూడాలని బయలుదేరి బందరు రేవులో దిగినట్టు అనుకోండి. "ఫ్లారెన్స్" అంటే లివోర్నో. రైల్లో దాదాపు గంటన్నర. "ప్రోవాన్స్" అని రాసి ఉంటే మార్సే. పెద్ద ఓడలు ఆగే చోటు నుంచి మార్సే పాతరేవు కూడా ఎనిమిది, పది కిలోమీటర్లు ఉంటుంది. నడిచి వెళ్దామనుకోకండి.

వెనిస్ విషయంలో మరీ జాగ్రత్త. 2021 ఆగస్టు నుంచి పెద్ద ఓడలను నగరం మధ్యలోని జుడెక్కా కాలువలోకి రానివ్వడం లేదు. అందుకే "వెనిస్" పేరుతో అమ్మే ప్రయాణాల్లో కొన్ని రవెన్నా నుంచి, కొన్ని త్రియెస్తే నుంచి బయలుదేరుతాయి. రెండూ వెనిస్‌కు దాదాపు 150 కిలోమీటర్ల దూరంలో ఉన్నాయి. వెనిస్‌కు విమానం టికెట్ తీసేముందు ఓడ ఎక్కే రేవు పేరు మరోసారి చదవండి.

ఊరి ఒడిలోనే ఆగే రేవులూ ఉన్నాయి. నేపుల్స్‌లో దిగి రోడ్డు దాటితే నగరమే. వాలెట్టాలో ఓడ కోటగోడల కిందే ఆగుతుంది. అక్కడ 2012లో కట్టిన 58 మీటర్ల లిఫ్టు మిమ్మల్ని నేరుగా పైనున్న తోటలోకి చేరుస్తుంది. మోకాళ్ళ నొప్పులున్న తల్లిదండ్రులు వెంట ఉంటే మీ ప్రయాణంలో ఇలాంటి రేవులు కనీసం రెండు ఉండేలా చూసుకోండి.

సరిచూసుకోవడం ఎలా: పట్టికలోని ప్రతి రేవు పక్కన మూడు గడులు గీయండి. ఓడ ఆగే చోటు, చూడవలసిన చోటుకు దూరం, ఓడ ఆగి ఉండే గంటలు. మూడూ నింపలేకపోతే టికెట్ ఇంకా కొనకండి.

3. సమయం వెనక నుంచి లెక్కపెట్టండి

ఓడ రాత్రి 7 గంటలకు కదులుతుందంటే మీ గడువు 7 కాదు. అందరూ ఓడలో ఉండవలసిన సమయం అంతకు అరగంట నుంచి గంట ముందు ఉంటుంది. ఓడ దిగే చోట బోర్డు మీద రాసి పెడతారు. ఆ సమయం నుంచి వెనక్కు రండి.

రోమ్ రోజునే తీసుకుందాం. చివితావెక్కియాలో ఓడ ఉదయం 7 నుంచి సాయంత్రం 7 దాకా ఆగుతుందనీ, అందరూ 6.30కు ఎక్కాలనీ అనుకోండి. రైలు ఆలస్యానికి, అనుకోని అవాంతరాలకు గంటన్నర వదిలేయండి. అంటే మీరు 5కే ఓడ మెట్ల దగ్గర ఉండాలి. స్టేషన్ నుంచి బస్సు, ఆ తరువాత రేవు లోపలి షటిల్ బస్సు, వరస, తనిఖీ, అన్నీ కలిపి ముప్పావు గంట. రైల్లో మరో ముప్పావు గంట నుంచి గంట. కాబట్టి రోమ్‌లో మూడుంపావు, మూడున్నర మధ్య రైలెక్కాలి. ఇప్పుడు ఉదయం వైపు చూడండి. 7కు ఓడ ఆగినా మీ కుటుంబం కిందికి దిగేసరికి 7.45. షటిల్, బస్సు, టికెట్ వరస దాటి రైలెక్కేసరికి 8.45. రోమ్ చేరేసరికి 9.45. పన్నెండు గంటల రేవు రోజులో మీ చేతికి వచ్చింది దాదాపు అయిదున్నర గంటలు. అందులో భోజనం కూడా ఉంది.

ఈ లెక్క చూశాక వాటికన్, కొలోసియం రెండూ ఒకే రోజు పెట్టుకోవాలన్న ఆలోచన దానంతట అదే పోతుంది. వాటికన్‌కు అయితే రోమా సాన్ పియెత్రో అనే చిన్న స్టేషన్‌లో దిగండి. అక్కడి నుంచి సెయింట్ పీటర్స్ చర్చికి పావుగంట నడక. పెద్ద స్టేషన్ తెర్మినీ దాకా వెళ్ళి వెనక్కి రావడం వృథా ప్రయాణం.

హెచ్చరిక: ఇటలీ లోకల్ రైళ్ళకు కాగితం టికెట్ కొంటే ప్లాట్‌ఫాం దగ్గరున్న చిన్న యంత్రంలో దూర్చి ముద్ర వేయించుకోవాలి. లేకపోతే టికెట్ చేతిలో ఉన్నా జరిమానా కట్టాలి.

ఇంకో హెచ్చరిక: కొన్ని చోట్ల ఓడ గట్టుకు ఆనదు. సముద్రంలోనే లంగరు వేసి చిన్న పడవల్లో దింపుతారు. గ్రీసు దీవి సాంటొరీనీలో అంతే. అలాంటి రేవులో దిగడానికి గంట, ఎక్కడానికి గంట తీసేయండి. అలలు ఎక్కువగా ఉంటే ఆ రేవు మొత్తం రద్దు కావచ్చు.

4. ఒక రేవుకు ఒకటే పెట్టుకోండి

మేము మొదటిసారి వెళ్ళినప్పుడు లివోర్నోలో దిగి ఫ్లారెన్స్, పీసా రెండూ చూడాలని బయలుదేరాం. మధ్యాహ్నం రెండింటికి ఫ్లారెన్స్‌లో ఆర్నో నది పక్కన అమ్మ ఒక గోడ మీద కూర్చుండిపోయింది. చెప్పులు విప్పి, వాచిన పాదాలను రాతి మీద చల్లగా ఆనించి, "మీరు చూసి రండి, నేనిక్కడే ఉంటాను" అంది. మేము చూసి రాలేదు. ఆమె పక్కనే కూర్చున్నాం. పీసా వదిలేశాం. తిరుగు రైలు ఆలస్యమైంది. ఓడ మెట్లెక్కేసరికి గడువుకు పన్నెండు నిమిషాలుంది. తప్పు రైలుది కాదు, మా ప్రణాళికది. అప్పటి నుంచి ఒక రేవుకు ఒక చోటే.

నా అనుభవంలో కుటుంబాలకు నప్పినవి ఇవి:

లివోర్నో: పెద్దవాళ్ళు, చిన్నపిల్లలు ఉంటే ఫ్లారెన్స్ వద్దు, పీసా చాలు. లివోర్నో నుంచి రైల్లో ఇరవై నిమిషాల లోపే. అయితే ఎనిమిదేళ్ళలోపు పిల్లలను అక్కడి వాలిన గోపురం ఎక్కనివ్వరు. వెళ్ళాక తెలిస్తే పిల్లవాడు బాగా ఏడుస్తాడు, ముందే చెప్పి తీసుకెళ్ళండి. మధ్యాహ్నం ఓపిక మిగిలితే పీసా నుంచి అరగంటలో లూక్కా. నాలుగు కిలోమీటర్ల కోటగోడ పైన చెట్లనీడలో సైకిళ్ళు తొక్కవచ్చు.

నేపుల్స్: పాంపేయి. రేవు నుంచి మెట్రోలో గారిబాల్ది స్టేషన్, అక్కడి నుంచి చిర్కుంవెసువియానా అనే లోకల్ రైల్లో పాంపేయి స్కావి స్టేషన్, ముప్పై అయిదు నలభై నిమిషాలు. క్రీ.శ. 79లో వెసూవియస్ బూడిదలో కూరుకుపోయిన ఊరు ఇది. వీధులన్నీ ఎత్తుపల్లాల నల్లరాతి బండలు. వాటి మీద నాటి బండిచక్రాల గాళ్ళు ఇప్పటికీ వేలు దూరేంత లోతుగా ఉన్నాయి. పిల్లలు ఒంగి చేతులు పెట్టి చూస్తారు. కానీ ఆ బండల మీద చంటిపిల్లల బండి గాని, చక్రాల కుర్చీ గాని సాగదు. నడవలేనివాళ్ళు ఉంటే ఆంఫితియేటర్ వైపు ద్వారం నుంచి మొదలయ్యే చదును దారి ఉంది, అక్కడి నుంచి వెళ్ళండి. నీడ తక్కువ. టోపీ, మనిషికో నీళ్ళ సీసా తప్పనిసరి.

బార్సిలోనా: సగ్రాడా ఫమీలియా. 1882లో మొదలుపెట్టిన చర్చి. గంటల వారీగా టికెట్లు ఆన్‌లైన్‌లోనే ముందుగా తీసుకోవాలి. అక్కడికి వెళ్ళి కొందామంటే దొరకకపోవచ్చు.

పాల్మా: ఏమీ పెట్టుకోకండి. చర్చి చూసి, సముద్రపు ఒడ్డున కూర్చుని రండి. వారంలో ఇలాంటి రోజు ఒకటి కావాలి.

5. ఓడవాళ్ళ టూరా, సొంతంగానా?

ఓడవాళ్ళే అమ్మే టూరు ఖరీదు ఎక్కువ. కానీ ఆ బస్సు ఆలస్యమైతే ఓడ ఆగుతుంది. మీరు సొంతంగా వెళ్ళి ఆలస్యమైతే ఓడ ఆగదు. తరువాతి రేవుకు మీ ఖర్చుతో మీరే చేరుకోవాలి. కాబట్టి ఇలా పంచుకోండి: రేవు నుంచి ఊరు గంటకు మించి ఉంటే ఓడవాళ్ళ టూరు లేదా నమ్మకమైన వ్యాను. ఊరు దగ్గరలోనే ఉంటే సొంతంగా. ఆరుగురు, ఎనిమిదిమంది ఉన్న కుటుంబమైతే మనిషికొక టూరు టికెట్ కొనేకంటే అందరికీ కలిపి డ్రైవరుతో వ్యాను మాట్లాడుకోవడమే చవక. పెద్దవాళ్ళు అలిసిపోతే దారిలో ఆపమనవచ్చు కూడా. ఓడవాళ్ళ టూరులో "రోమ్ సొంతంగా" అన్న రకం ఉంటుంది. బస్సులో దింపి, మళ్ళీ ఎక్కించుకుంటారు, మధ్యలో మీ ఇష్టం. మొదటిసారి వెళ్ళేవాళ్ళకు నేను ఇదే చెబుతాను.

6. మూసి ఉండే రోజులు చూసుకోండి

ఓడ వారంలో ఏ రోజు ఏ రేవులో ఉంటుందో చూడండి. వాటికన్ మ్యూజియంలకు ఆదివారం సెలవు. నెలలో చివరి ఆదివారం మాత్రం ఉచితంగా తెరుస్తారు, ఆ రోజు జనం ఊపిరాడనివ్వరు. ఫ్లారెన్స్‌లో ఉఫీజీ, డేవిడ్ విగ్రహమున్న అకాడెమియా మ్యూజియంలు రెండింటికీ సోమవారం సెలవు. పాంపేయి, కొలోసియం నెలలో మొదటి ఆదివారం ఉచితం కాబట్టి ఆ రోజు కిటకిటలాడతాయి. ఇటలీ ప్రభుత్వ కట్టడాల్లో 18 ఏళ్ళలోపు వాళ్ళకు ఏ దేశంవారికైనా ప్రవేశం ఉచితం. పిల్లల పాస్‌పోర్టు నకలు వెంట ఉంచుకోండి. చర్చిల్లోకి భుజాలు, మోకాళ్ళు కనిపించే దుస్తులతో రానివ్వరు. చీర, చుడీదార్ వాళ్ళకు ఇబ్బంది లేదు. పొట్టి నిక్కర్లు వేసుకున్న నాన్నలనే గుమ్మం దగ్గర ఆపుతారు.

7. వీసా

భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్ళకు షెంగెన్ వీసా, అంటే ఇటలీ, స్పెయిన్, ఫ్రాన్స్ వంటి యూరప్ దేశాలన్నిటికీ ఉమ్మడిగా చెల్లే వీసా కావాలి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేయవచ్చు. నియమం ప్రకారం కనీసం 15 రోజుల ముందు అన్నా, అంతదాకా ఆగకండి. మే ప్రయాణానికి వేలిముద్రలు ఇచ్చే తేదీలు ముందే నిండిపోతాయి. రుసుము పెద్దలకు 90 యూరోలు, ఆరు నుంచి పన్నెండేళ్ళలోపు పిల్లలకు 45. ఆరేళ్ళలోపు వాళ్ళకు లేదు. దరఖాస్తు తీసుకునే వీసా కేంద్రంవాళ్ళ సేవా రుసుము వేరు. కనీసం 30,000 యూరోల వైద్య బీమా ఉండాలి.

ఏ దేశానికి దరఖాస్తు చేయాలి? ఎక్కువ రోజులు గడిపే దేశానికి. రోజులు సమానమైతే ముందుగా అడుగుపెట్టే దేశానికి. క్రూజులో ఇది ఇటలీయో స్పెయినో అవుతుంది. ఓడకు ముందు, తరువాత హోటల్లో గడిపే రాత్రులను కూడా కలిపి లెక్కపెట్టండి.

హెచ్చరిక: ఓడ ట్యునీసియాకో, తుర్కియేకో, మాంటినెగ్రోకో వెళ్ళి తిరిగి వస్తుందంటే షెంగెన్ దాటి మళ్ళీ లోపలికి వచ్చినట్టు. ఒకే ప్రవేశానికి ఇచ్చిన వీసా చాలదు. దరఖాస్తులో బహుళ ప్రవేశం అడగండి. ఆ మూడో దేశపు వీసా నిబంధనలు వేరుగా చూసుకోండి.

అమెరికాలో ఉండే మన కుటుంబాల్లో ఒక్కొక్కరిది ఒక్కో పాస్‌పోర్టు. అక్కడ పుట్టిన పిల్లలకు వీసా అక్కర్లేదు. హెచ్1బీ మీద ఉన్న అమ్మానాన్నలకు కావాలి. తాతయ్య, నాయనమ్మలకూ కావాలి. వాళ్ళ దరఖాస్తు హైదరాబాద్ నుంచే వేయించి, నేరుగా బార్సిలోనాలోనో రోమ్‌లోనో కలుసుకోవడం సులువు.

పేర్ల విషయం ప్రత్యేకంగా చూడండి. మనవాళ్ళ పాత పాస్‌పోర్టుల్లో ఇంటిపేరు గడి ఖాళీగా ఉండి, అంతా పేరు గడిలోనే ఉంటుంది. ఓడ టికెట్, విమానం టికెట్, బీమా, వీసా ఫారం నాలుగింటిలోనూ పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉండాలి. ఒక్క అక్షరం కూడా ఊహించి రాయకండి.

8. క్యాబిన్, ఖర్చు

నలుగురికి ఒక క్యాబిన్ అంటే మూడో, నాలుగో పడక గోడ నుంచి గాని కప్పు నుంచి గాని దించేది. చిన్నపిల్లలకు సరదా, పెద్దవాళ్ళకు కష్టం. తాతయ్య, నాయనమ్మలకు పక్కనే మరో క్యాబిన్ తీసుకోండి. కడుపులో తిప్పే మనిషి ఉంటే ఓడ మధ్యలో, కింది అంతస్తులో ఉన్నది అడగండి, కదలిక తక్కువ. మాత్రల సంగతి బయలుదేరే ముందే వైద్యుణ్ణి అడగండి. మార్సే, బార్సిలోనాల మధ్య మిస్త్రాల్ గాలి వీచిందంటే పెద్ద ఓడ కూడా ఊగుతుంది.

టికెట్ ధర మొత్తం ఖర్చు కాదు. రోజుకు మనిషికి ఇంత అని సేవా రుసుము, పానీయాలు, వైఫై, ఒడ్డు టూర్లు కలిపి చూడండి. ఇండియాలో ఏజెంటు దగ్గర ప్యాకేజీ కొంటే టీసీఎస్ (అమ్మేవాళ్ళే ముందుగా వసూలు చేసే ఆదాయపు పన్ను) పట్టుకుంటారు. ఆ రసీదు జాగ్రత్త చేసి రిటర్నులో సర్దుబాటు చేసుకోండి.

విమానంలో ఓడ బయలుదేరే రోజునే చేరుకోవద్దు. ఒక రోజు ముందే చేరండి. హైదరాబాద్ నుంచి వెళ్తే దారిలో విమానం మారాలి. అక్కడ ఒక్క విమానం తప్పినా ఓడ వెళ్ళిపోతుంది.

9. తిండి

బుక్ చేసేటప్పుడే "భారతీయ శాకాహారం" అని రాయించండి. ఉత్త శాకాహారం అంటే గుడ్డు, చేప దాకా వచ్చే అవకాశం ఉంది. ఓడ ఎక్కిన మొదటి రాత్రే భోజనశాల పెద్దను కలిసి మాట్లాడండి. ముందురోజు చెబితే మరునాటికి పప్పు, అన్నం, కూర చేసి పెట్టే ఓడలు చాలానే ఉన్నాయి.

ఇంటి నుంచి ఏం తీసుకెళ్ళవచ్చు? కందిపొడి, కారప్పొడి, చెగోడీలు, కట్టుదిట్టంగా మూసిన ఆవకాయ. నెయ్యి, పాలకోవా వద్దు. బయటి దేశాల నుంచి పాల పదార్థాలు, మాంసం ఐరోపా సమాఖ్యలోకి తీసుకురానివ్వరు. పచ్చి కరివేపాకు, మామిడిపండ్లు కూడా ధ్రువపత్రం లేకుండా కుదరవు. విద్యుత్ కుక్కరు, కెటిల్, ఇస్త్రీపెట్టె ఓడ తనిఖీలో తీసేసుకుంటారు, చివరి రోజు తిరిగిస్తారు.

10. ఓడ ఎక్కిన రోజు

బఫే దగ్గరకు పరుగెత్తే ముందు భద్రతా కసరత్తు పూర్తి చేయండి. 2012 జనవరిలో కోస్టా కాంకోర్డియా ఇటలీలోని జిల్యో దీవి దగ్గర ఒరిగిపోయిన తరువాత ఈ నిబంధన కఠినమైంది. ఓడ కదిలేలోపే, లేదా కదిలిన వెంటనే ఈ కసరత్తు జరగాలి. మీరు చేరవలసిన చోటుకు పిల్లలతో ఒకసారి నడిచి చూడండి, లిఫ్టు కాకుండా మెట్ల దారిలో.

ఓడ కదిలాక ఫోనును ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టండి. సముద్రం మధ్యలో పట్టుకునే ఓడ నెట్‌వర్కు మామూలు రోమింగ్‌లోకి రాదు, బిల్లు చూస్తే గుండె ఆగుతుంది.

ఎక్కువగా జరిగే తప్పులు

గడియారం తేడా అన్నిటికంటే ముందు. ఓడ సమయం, ఊరి సమయం ఒకటి కాకపోవచ్చు. ఫోను ఊరి గడియారాన్ని పట్టుకుంటుంది, ఓడ తన గడియారంతోనే కదులుతుంది. ఒక చేతిగడియారం ఓడ సమయానికి పెట్టి ఒకరు కట్టుకోండి.

బార్సిలోనా రాంబ్లాస్ వీధి, రోమ్ తెర్మినీ స్టేషన్, పాంపేయి రైలు: ఈ మూడు చోట్ల జేబుదొంగలుంటారు. పాస్‌పోర్టులు ఓడ తిజోరీలో ఉంచి నకలు పట్టుకెళ్ళండి. ఆ దేశంలో అసలు పాస్‌పోర్టే చూపాలని ఓడవాళ్ళు చెప్పిన రోజు మాత్రం వెంట తీసుకెళ్ళండి. రెండు కార్డులు ఒకే పర్సులో వద్దు.

ప్రతి రేవు ముందురాత్రి చేయవలసిన తనిఖీ

ఓడవాళ్ళు క్యాబిన్‌కు పంపే రోజువారీ కాగితం తీసుకోండి, లేదా యాప్ తెరవండి. అందులో మూడు చూడండి: అందరూ ఎక్కవలసిన సమయం, ఓడ ఆగిన గట్టు పేరు, రేవు ఏజెంటు ఫోను నంబరు. మూడూ చిన్న చీటీ మీద రాసి, తాతయ్య నుంచి చిన్నమ్మాయి దాకా ప్రతివారి జేబులో ఒక్కొక్కటి పెట్టండి. తరువాత పెద్దబ్బాయిని పిలిచి అడగండి: "మనం తప్పిపోతే నువ్వు ఎక్కడికి రావాలి, ఎన్నింటికి?" చీటీ చూడకుండా చెప్పగలిగితే నిద్రపోవచ్చు.